ఏరియల్ జీపు

మధ్యాహ్నం డ్యూటీ దిగి ఆసుపత్రి గేటు ముందు ఆటో ఎక్కాను. పొద్దుటి నుంచి ఎండలో నిలబడిన బండి. సీటు రెక్సిన్ కాగి, ఆ వేడికి లోపలి కొబ్బరిపీచూ పాత దుమ్మూ ఎప్పుడో ఒలికిన డీజిలూ కలిసి ఒక వాసన లేచింది. కాళ్ళు చాపుకుని కళ్ళు మూసుకున్న నాకు ఆ వాసనలో ఒక్కటే తక్కువనిపించింది, రొయ్యల నీచు. అదీ ఉంటే అచ్చం మా నాన్న తోలిన జీపే. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర బండి ఆగింది. ముందూ వెనకా హారన్లు మోగుతున్నాయి. నేను మాత్రం కళ్ళు తెరవలేదు. పదిహేనేళ్ళుగా ఐసీయూలో నర్సుగా చేస్తున్నదాన్ని, ఎక్కడ వీలైతే అక్కడ కళ్ళు మూసుకోవడం అలవాటైపోయింది.

మాది చల్లపల్లికి నది వైపున, కృష్ణ కరకట్టని ఆనుకుని ఉన్న ఊరు. వరద ఊళ్ళ మీద పడకుండా ఏటి పొడుగునా పోసిన ఆ మట్టికట్టను మేం కట్ట అనే అనేవాళ్ళం. కట్టకి అటు పక్క లంకలు, ఇసుక, ఎండాకాలం సన్నగా పారే ఏరు. ఇటు పక్క వరిచేలు, వాటిని తవ్వి కొత్తగా చేసిన రొయ్యల చెరువులు. నాన్న పేరు ప్రకాశం. రొయ్యలు కొని ఎగుమతికి పంపే ఒక వ్యాపారి దగ్గర డ్రైవరు. ఆ వ్యాపారిని మా ఇంట్లో ఎవరూ పేరు పెట్టి అనేవాళ్ళు కాదు, ఓనరు గారు అంతే. ఆయన విజయవాడలో కూర్చుని ఏ చెరువులో ఎప్పుడు వల వేయాలో చెబితే, నాన్న జీపులో ఐసు పెట్టెలు వేసుకుని అక్కడికి పరుగెత్తేవాడు.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే విజయవాడలో కొద్దిమంది చేతుల్లో కనపడుతున్న రోజులవి. నేను ఐదో తరగతిలో ఉండగా ఓనరు గారు జీపుని ఆటోనగర్ పిలిపించి రెండు రోజులు అక్కడే ఉంచారు. మూడో రోజు నాన్న తిరిగొచ్చేసరికి బానెట్ పక్కన మడ్‌గార్డుకి చిల్లు పెట్టి బిగించిన ఒక నల్లటి ఊచ ఉంది. మూరెడు కన్నా కాస్త పొడుగు, మధ్యలో స్ప్రింగులా రెండు చుట్లు తిరిగి మళ్ళీ నిటారుగా లేచిన ఊచ. దాని అడుగు నుంచి ఒక తీగ లోపలికొచ్చి గేరు రాడ్డు పక్కన ఉన్న గూటిలోకి దూరింది. ఇటుకంత ఫోను ఆ గూటిలో కూర్చుంటేనే ఏరియల్ దానికి అందేది. చేతిలోకి తీస్తే మా ఊళ్ళో అది ఉత్త పెట్టె. అవతలి వాళ్ళ గొంతు డాష్‌బోర్డు కింద అమర్చిన చిన్న స్పీకరులోంచి వచ్చేది కాబట్టి జీపులో ఎవరున్నా వినాల్సిందే. మర్నాటి నుంచి ఊరంతా దానికి ఏరియల్ జీపని పేరు పెట్టేసింది.

ఏరియల్ ఉన్నా సిగ్నల్ ఊళ్ళో దొరికేది కాదు. జీపుని కట్ట మీదకి ఎక్కించి, పాత పంపుషెడ్డు దాటాక విజయవాడ వైపు ముఖం పెట్టి ఆపితే, ఫోను మీద రెండు గీతలు వణుకుతూ లేచేవి. రోజూ పదకొండింటికి నాన్న అక్కడ ఉండాలని ఓనరు గారి ఉత్తర్వు. ఫోను మాత్రం ఎప్పుడూ ఆర్పకూడదని ఇంకో ఉత్తర్వు. సెలవు రోజుల్లో నేనూ వెళ్ళేదాన్ని. నాన్న మాటలు తక్కువ మనిషి. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఆ గీతలనే చూస్తూ కూర్చునేవాడు. నేను బానెట్ ఎక్కి ఏరియల్‌ని వేలితో మీటితే జుయ్యిమని మోగేది. 'విరగ్గొడతావే' అనేవాడు, అంతకు మించి కోపం లేదు. వానాకాలం కట్ట మీద నల్లమట్టి చక్రాలకి పట్టుకుని జీపు పీతలా పక్కకి నడిచేది. కార్తీకంలో మంచు ఎంత దట్టంగా దిగేదంటే ఏరియల్ కొన నుంచి చుక్కలు కారేవి. వేసవిలో లంకల నుంచి ముంజలు మోసుకొచ్చేవాళ్ళు జీపు నీడన కాసేపు కావిడి దించి, నాకు రెండు ముంజలు వలిచి పెట్టి, ఆ నల్ల ఊచ వంక అనుమానంగా చూస్తూ పోయేవాళ్ళు.

మా వెనక వీధిలో కోటమ్మత్త ఉండేది. మాకు చుట్టం కాదు, మా కులమూ కాదు, మతమూ కాదు. కానీ నాన్నని అన్నయ్య అనేది, నాన్న ఆవిడ భర్త సుబ్బారావుని బావ అనేవాడు. సుబ్బారావు మావయ్య రెండెకరాలు కౌలుకి చేసేవాడు, పొలం గట్టు మీద నుంచే ఊళ్ళోకి వినపడేలా ఈల వేసేవాడు, పథ్యమన్న మాట వింటే పారిపోయేవాడు. వాళ్ళమ్మాయి లక్ష్మిదీ నాదీ ఒకే తరగతి. అట్లతద్ది నాడు ఇంకా తెల్లవారకముందే కోటమ్మత్త మా తలుపు తట్టి, 'పిల్లని పంపించు వదినా, ఉయ్యాలకి మతవేంటి' అని మా అమ్మతో అని నన్ను లాక్కుపోయేది. ఆ చలిలో గోంగూర పచ్చడీ గడ్డపెరుగూ కలిపిన అన్నం ముద్దలు చేతిలో పెట్టి, మావయ్య కట్టిన ఉయ్యాల మీద లక్ష్మినీ నన్నూ ఎదురెదురుగా నిలబెట్టి ఊపేది. క్రిస్మస్‌కి మా అమ్మ వండిన అరిసెలూ గులాబీపువ్వులూ మొదటి పళ్ళెం వాళ్ళింటికే వెళ్ళేది. మావయ్య గులాబీపువ్వుని చిటికెన వేలికి తొడుక్కుని ఉంగరమని చూపించి, ఆనక కొరుక్కుతినేవాడు.

జీపుకి ఫోనుందని తెలిశాక, విజయవాడ ఆసుపత్రులకి వెళ్ళిన వాళ్ళంతా ఆ నంబరు ఒక కాగితం మీద రాయించుకుని వెళ్ళసాగారు. నాన్న కాదనలేకపోయాడు. పిల్ల పుట్టిందనో ఉద్యోగం వచ్చిందనో చెప్పడానికి కార్డు ముక్క చాలనుకునేవాళ్ళు. ఫోను దాకా వచ్చేది ఎప్పుడూ ఆసుపత్రి కబురే. పదకొండింటికి కట్ట మీద ఆ కబురు విని, నాన్న దాన్ని ఎవరో ఒకరి గుమ్మం దాకా మోసుకెళ్ళాలి. ఏడాది తిరిగేసరికి ఎలా అయిందంటే, పిలవకుండా జీపు ఒక ఇంటి ముందు ఆగితే చాలు, లోపల ఏడుపు మొదలయ్యేది. చేలో కలుపు తీస్తున్నవాళ్ళు కట్ట మీద ఏరియల్ కనపడగానే నడుం ఎత్తి, అది ఎటు దిగుతుందో చూసి, తమ వైపు కాదనుకున్నాకే మళ్ళీ వంగేవాళ్ళు. అందుకని నాన్న జీపుని వీధి మొదట్లోనే ఆపి నడిచి వెళ్ళడం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళకి నడకకీ భయపడ్డారు. ఒకరోజు అన్నం ముందు కూర్చుని అమ్మతో, 'నన్ను చూసి నవ్వేవాళ్ళు తగ్గిపోయారే' అన్నాడు. అమ్మ మజ్జిగ ఇంకొంచెం పోసింది.

మినుము పీకే రోజులు. సుబ్బారావు మావయ్యకి జ్వరం తిరగబెట్టి, ఊపిరి అందక, శుక్రవారం వాళ్ళ తమ్ముడు రాంబాబు విజయవాడ తీసుకెళ్ళాడు. ఆదివారం గుడిలో ప్రార్థన అయి రాగానే, గౌను మార్చుకోకుండానే నేను నాన్నతో కట్ట మీదకి వెళ్ళాను. గీతలు లేచిన కాసేపటికే ఫోను మోగింది.

"ప్రకాశం గారాండీ? నేను రాంబాబునండీ. అన్నయ్య పోయాడండీ." స్పీకరులో గొంతు గరగరలాడింది, కానీ ప్రతి మాటా వినపడింది. "ఇందాకే, తొమ్మిదిన్నరకి. వదినకి చెప్పకండి. సీరియస్‌గా ఉందని చెప్పి తీసుకురండి. దారిలో ఆవిడకేవన్నా అయితే నేను తట్టుకోలేనండీ."

నాన్న సరేనన్నాడు. ఇంజను ఆపేశాడు. ఏటి వైపు నుంచి వేడిగాలి వచ్చి మడ్‌గార్డు మీది ఊచని సన్నగా ఊపుతోంది. తర్వాత నా వైపు తిరిగాడు.

"విన్నావా?"

"విన్నాను."

"నీకు సరిగ్గా వినపళ్ళేదు. ఏం?"

తల ఊపాను. నన్ను ఇంటి దగ్గర దింపితే ఎక్కడ నోరు జారతానోనని కాబోలు, ఆ రోజంతా నన్ను తన పక్క నుంచి కదలనివ్వలేదు.

కోటమ్మత్త వాకిట్లో మినుము ఎండబోసి కాలితో తిరగేస్తోంది. నాన్న వీధి మొదట్లో జీపు వదిలి నడిచొస్తుంటే చూసి, పాదం అలాగే గింజల్లో ఉంచి నిలబడిపోయింది.

"ఏవన్నయ్యా?"

"బావకి కొంచెం సీరియస్‌గా ఉందంటమ్మా. నిన్ను రమ్మంటన్నారు."

"మాట్లాడతన్నాడా?"

"ఏమోనమ్మా. సిగ్నల్ సరిగ్గా లేదు."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కొంగు బిగించి వంటింట్లోకి వెళ్ళింది. "ఆసుపత్రి కూడు ఆయన ముట్టడన్నయ్యా. ఒక్క అరగంట" అని లోపలి నుంచే కేకేసింది. పొయ్యి రాజేసిన పొగ వాకిట్లోకి వచ్చింది. బియ్యం కడిగిన చప్పుడు. ఆనక పెసరకట్టు కాగుతున్న వాసన, అందులో వేసిన జీలకర్ర వాసన. అరుగు మీద లక్ష్మి గచ్చకాయలు తెచ్చి నా ముందు పోసింది. నేను ఎగరేసిన కాయ ఒక్కటీ చేతిలో పడలేదు. 'ఏంటే ఇవాళ' అని లక్ష్మి నవ్వింది. నాన్న రెండుసార్లు వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, రెండుసార్లూ వెనక్కి వచ్చాడు. మూడోసారి నూతి దగ్గరకి వెళ్ళి ముఖం కడుక్కున్నాడు.

ఆవిడ క్యారేజీ గిన్నెలు మళ్ళీ తోమి, ఒకదాంట్లో మెత్తగా వండిన అన్నం, ఒకదాంట్లో పెసరకట్టు, ఒకదాంట్లో మజ్జిగ పోసి, పై మూతలో ఒక నిమ్మకాయ బద్ద పెట్టింది. లక్ష్మిని నాయనమ్మకి అప్పజెప్పి, మినుము కోళ్ళు తినకుండా చూడమని చెప్పి జీపెక్కింది. నేను మధ్యలో. అత్త ఒళ్ళో క్యారేజీ. దాని వేడి నా మోకాలికి తగులుతూనే ఉంది.

మొవ్వ దాటాం, కూచిపూడి దాటాం. పామర్రు ఇంకా రాకముందు నాన్న జీపుని పక్కకి తీసి, టైరు చూడాలని దిగాడు. ముందుకి వెళ్ళి, అద్దంలోంచి నేను చూస్తుండగానే, ఏరియల్‌ని మరలు తిప్పి ఊడదీశాడు. అద్దం తుడిచే గుడ్డలో చుట్టి తెచ్చి సీటు కింద పెట్టాడు. పామర్రు నుంచి బందరు రోడ్డు మీద సిగ్నల్ బాగా వస్తుందని నాకూ తెలుసు. రాంబాబు గానీ, ఆసుపత్రి వాళ్ళు గానీ ఫోను చేసి ఆ స్పీకరులో ఒక్క మాట అంటే చాలు. ఫోను ఆర్పేస్తే ఓనరు గారికి అబద్ధం చెప్పాలి. ఏరియల్ లేకపోతే సిగ్నల్ లేదన్నది నిజమే. మా నాన్న నిజాయితీ అలా ఉండేది, అంత పెద్ద అబద్ధం మోస్తూ చిన్న అబద్ధానికి వెనకాడేవాడు.

"అమ్మాయ్," కోటమ్మత్త నా వైపు వంగింది. "ఫోన్లో ఇంకేవన్నా చెప్పారంటే? నువ్వక్కడే ఉన్నావు గదా."

నాన్న రోడ్డునే చూస్తున్నాడు.

"సరిగ్గా వినపళ్ళేదత్తా. గరగరలాడింది."

ఆవిడ నా తల నిమిరింది. ఆ చేతికి ఇంకా జీలకర్ర వాసన ఉంది. ఆ తర్వాత ఎన్నో అబద్ధాలు ఆడి ఉంటాను, అవేవీ గుర్తు లేవు.

అప్పుడు నాన్న మాట్లాడటం మొదలుపెట్టాడు. ఇంట్లో రోజుకి పది మాటలు కూడా ఆడని మనిషి. రొయ్యకి తెల్లమచ్చ జబ్బు ఎలా వస్తుందో, ఈ ఏడు మినుము కాపు ఎలా ఉందో, చెరుకు ట్రాక్టర్లు రోడ్డుకి ఎలా అడ్డం వస్తాయో, ఒకదాని వెంట ఒకటి చెబుతూనే ఉన్నాడు. మధ్యలో ఆపితే ఏమవుతుందోనన్నట్టు. ఆవిడ ఊ కొడుతోంది, కళ్ళు బయటే ఉన్నాయి. ఉయ్యూరులో చెరుకు బళ్ళ వెనక పావుగంట ఆగిపోయాం. ఉడుకుతున్న చెరుకురసం తీపి వాసన, ఆ ఎండలో, జీపంతా నిండింది.

కంకిపాడు దగ్గర, ఏరియల్ లేకపోయినా, ఫోను మోగింది. విజయవాడ అంత దగ్గరయిందన్నమాట.

"ఎత్తన్నయ్యా," అంది కోటమ్మత్త. "ఆయన గురించేమో."

నాన్న గూటి వైపు చూశాడు. "ఓనరు గారమ్మా. ఆనక చేస్తాలే."

ఫోను ఆగింది. మళ్ళీ మోగింది. ఆగి మళ్ళీ మోగింది. మూడోసారి నాన్న దాన్ని గూట్లోంచి తీసి, దీపం ఆరిపోయేదాకా మీట నొక్కి పట్టుకుని, వెనక ఐసు పెట్టె మీద పెట్టాడు. కోటమ్మత్త క్యారేజీ పిడిని రెండు చేతులా పట్టుకుంది.

ఆసుపత్రి మెట్ల మీద రాంబాబు కూర్చుని ఉన్నాడు. తువ్వాలు తల మీద వేసుకుని ఉన్నాడు. జీపు ఆగడం చూసి లేచి నిలబడ్డాడు గానీ ఒక్క అడుగు ముందుకి వేయలేదు. ఆవిడ దిగింది. అతని ముఖం చూసింది. క్యారేజీని మెట్టు మీద, గోడ పక్కగా, ఒలక్కుండా నెమ్మదిగా పెట్టింది. ఆ తర్వాత వెనక్కి తిరిగి మా నాన్నని చూసింది.

"పొద్దున్నే తెలుసు గదా నీకు. నాచేత అన్నం వండించావు గదన్నయ్యా."

అంతే అంది. ఆ మాట అరవలేదు కూడా. లోపలికి వెళ్ళాక ఆవిడ పెట్టిన కేక గేటు దాకా వినపడింది. నాన్న జీపు తలుపు పట్టుకుని నిలబడే ఉన్నాడు. సాయంత్రం మావయ్యని వేరే బండిలో ఊరికి తీసుకెళ్ళారు. ఆవిడ మా జీపెక్కనంది.

కంకిపాడు దగ్గర మోగిన ఫోను నిజంగానే ఓనరు గారిది. ఒక చెరువుకి జబ్బు సోకి, ఉన్నపళంగా ఐసు పెట్టెలతో వెళ్ళమని చెప్పడానికి. నాన్న దొరకలేదు, సరుకు పాడయింది. వారం తిరక్కుండా నాన్న జీపు తాళాలు అప్పగించి వచ్చాడు. సంజాయిషీ చెప్పుకోలేదట. చెబితే ఉంచేవారేమోనని అమ్మ చాన్నాళ్ళు అనుకునేది. ఆ వేసవిలోనే మేం విజయవాడ వచ్చేశాం. నాన్న ఆటోనగర్‌లో లారీలు తోలాడు, నేను కొత్త బడిలో చేరాను. కట్ట, లంకలు, ఉయ్యాల అన్నీ అక్కడితో అయిపోయాయి. బయల్దేరే రోజు అమ్మ వెనక వీధికి వెళ్ళి చెప్పొచ్చింది. కోటమ్మత్త గుమ్మం దాకా వచ్చింది గానీ మాట్లాడలేదట. లక్ష్మి మాత్రం గోడ వెనక నుంచి నాకు చెయ్యి ఊపింది.

నాన్న ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి పైగా బతికాడు. చేతికి సెల్‌ఫోను వచ్చింది, మోగితే అమ్మకో నాకో ఇచ్చేవాడు. ఎవరికీ ఏ కబురూ చెప్పేవాడు కాదు, పెళ్ళి కబురు కూడా. రెండేళ్ళ కిందట నేను పనిచేసే వార్డులోనే, నా చేతుల్లోనే పోయాడు. గంట తిరక్కుండా ఊరందరి ఫోన్లలో ఆయన ఫోటో పూలదండతో తిరిగింది. ఎవరు పంపారో ఇప్పటికీ నాకు తెలియదు. అమ్మకి నేను చెప్పేలోపే అవతలి వీధి నుంచి ఎవరో ఫోను చేసి పరామర్శించారు.

ఆ మధ్యాహ్నం చల్లపల్లి బస్సు దిగి కోటమ్మత్త ఒక్కతే వచ్చింది. జుట్టంతా నెరిసింది, మోకాళ్ళు వంగవు. నాన్న పాదాల దగ్గర కాసేపు నిలబడి, వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చుంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆ రోజు అబద్ధమాడాను అత్తా, అన్నాను. ఇన్నేళ్ళూ అనుకున్న మాట, అంత తేలిగ్గా వచ్చేసింది.

"తెలుసులేవే," అంది. "చిన్నదానివి. మీ నాన్న మీద మట్టుకు చాన్నాళ్ళు కోపముండేది. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆయన మొహం చూళ్ళేదు. మొన్నమొన్ననే అనిపించింది. ఆ రోజు ఉయ్యూరు దాకా మీ మావయ్యని తిట్టుకుంటానే వచ్చాను, మనసులో. మందులు వేసుకోడు, చెప్పిన మాట వినడు, ఇంటికి రానీ చెబుతానని. మీ నాన్న ఏదో చెబుతా ఉన్నాడు, నేను ఊ కొడతా మావయ్యని తిడతా ఉన్నాను. బతికున్నోణ్ణే గదే తిట్టుకుంటాం."

ఇప్పుడు ఆ రోడ్డు వెడల్పయింది, ప్రతి ఊరికీ టవరుంది. ఎవరింటికీ కబురు మోసుకుని నడిచి వెళ్ళే మనిషి లేడు. వార్డులో ఎవరైనా పోయి, ఇంటివాళ్ళు దగ్గర లేకపోతే ఫోను చేయాల్సింది నేనే. ఇవాళ పొద్దున కూడా చేశాను, అవనిగడ్డ వైపు వాళ్ళకి. మొదటి రింగుకే ఎత్తారు. నిజం దాచకూడదని మా రూలు, అది మంచి రూలే, నేనూ ఒప్పుకుంటాను. రెండు వాక్యాలు చెప్పాను. అవతల ఒక ఆడమనిషి గొంతు ఆగిపోయింది, వెనక టీవీలో ఎవరో నవ్వుతున్నారు. వింటూ ఉండిపోయాను. బతికున్నాడనుకుని తిట్టుకోవడానికి ఇప్పుడెవరికీ ఉయ్యూరు దాకా కూడా దారి దొరకడం లేదు.